తిథి, కార్తె, ఆదివారం: తెలుగు సరిహద్దు సీమలో క్రైస్తవ సంవత్సరం

చిక్కబళ్ళాపురం, గుడిబండ, బాగేపల్లి, చింతామణి తాలూకాలు పరిపాలనలో కర్ణాటకకు చెందినవైనా, అక్కడి పల్లెల్లో ఇంటి భాషగా తెలుగు తరతరాలుగా నిలిచి ఉంది. 2007లో కోలారు జిల్లా నుంచి విడివడి చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడిన తరువాత కూడా, బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ అన్న తీరు సోమేనహళ్ళి వంటి ఊళ్ళలో మారలేదు. కైవారం నారాయణప్ప తత్వాలను రెండు భాషల్లోనూ పాడుకునే ఈ సీమలోకి పద్దెనిమిదో శతాబ్దపు తొలి ఏళ్ళలో ప్రవేశించిన క్రైస్తవ మతం, తన బోధతో పాటు ఒక సంవత్సర క్రమాన్ని కూడా వెంట తెచ్చుకుంది. యేసుక్రీస్తు రాకకై ఎదురుచూపు, జననం, ఉపవాసం, శ్రమలు, మరణం, పునరుత్థానం, ఆరోహణం, పరిశుద్ధాత్మ రాక అనే ఘట్టాలను పన్నెండు నెలల మీద పరిచి, విశ్వాసి ఏటేటా ఆ జీవితం గుండా నడిచి వచ్చేలా చేసే ఏర్పాటునే క్రైస్తవ సంవత్సరం లేదా ఆరాధనా సంవత్సరం అంటారు.

ఈ ఏర్పాటు చరిత్రను గుడుల చరిత్ర నుంచి, మిషన్ సంస్థల చరిత్ర నుంచి విడిగా చూడవలసిన కారణం ఒకటుంది. రాతి కట్టడాలు అరుదుగా, గురువులు అంతకంటే అరుదుగా ఉన్న ఈ మెట్ట ప్రాంతంలో, చెదురుమదురుగా ఉన్న కొద్ది కుటుంబాలను ఒక సమాజంగా కట్టి ఉంచిన బలం చాలాకాలం పాటు పండుగల క్రమంలోనే ఉంది. ఆ క్రమం ఇక్కడ వేరు పట్టడానికి, పంచాంగం తెలిసిన రైతు ఇంటికి అది పూర్తిగా పరాయి లెక్కగా తోచకపోవడం తోడ్పడింది.

రెండు లెక్కల మీద నడిచే ఏడాది

తెలుగు రైతు ఏడాదిని రెండు విధాలుగా లెక్కిస్తాడు. ఉగాది, శ్రీరామనవమి, దీపావళి వంటి పండుగలకు చంద్రుని వృద్ధిక్షయాలను బట్టి వచ్చే తిథి ఆధారం కాగా, దుక్కికీ విత్తనానికీ సూర్యుడు నక్షత్రాలను దాటే కాలాన్ని బట్టి ఏర్పడిన కార్తె ఆధారం. మృగశిర కార్తె ప్రతి ఏటా జూన్ మొదటి వారం చివరనే ప్రవేశిస్తుంది. ఉగాది మాత్రం ఒక ఏడు మార్చిలో, మరొక ఏడు ఏప్రిల్‌లో వస్తుంది. ఈ రెండు లెక్కల మధ్య తేడా పెరగకుండా అధికమాసం సర్దుబాటు చేస్తుంది.

క్రైస్తవ సంవత్సరం కూడా సరిగ్గా ఇలాంటి రెండు లెక్కల మీదనే నడుస్తుంది. క్రిస్మస్ డిసెంబరు 25న, ప్రభువు సాక్షాత్కార పండుగ, అంటే తూర్పు దేశపు జ్ఞానులు శిశువును దర్శించిన దానిని స్మరించే ఎపిఫనీ, జనవరి 6న, మరియమాత మోక్షారోపణ పండుగ ఆగస్టు 15న సౌరమానం ప్రకారం స్థిరంగా వస్తాయి. పునరుత్థాన పండుగ అయిన ఈస్టర్ మాత్రం చంద్రుని వెంట కదులుతుంది. యూదుల పస్కా పండుగ పౌర్ణమి నాటిది కావడం వల్ల, ఆ పండుగ దినాల్లో జరిగిన క్రీస్తు మరణ పునరుత్థానాల స్మరణ కూడా పౌర్ణమిని విడిచి ఉండలేకపోయింది. క్రీ.శ. 325లో నైసియా నగరంలో జరిగిన మహాసభ సంఘాలన్నీ ఈస్టర్‌ను ఒకే ఆదివారం నాడు ఆచరించాలని కోరింది. మార్చి 21న గాని ఆ తరువాత గాని వచ్చే తొలి పౌర్ణమి దాటిన ఆదివారమే ఈస్టర్ అన్న నియమం క్రమంగా స్థిరపడింది. అందువల్ల ఈస్టర్ మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25ను దాటదు.

పంచాంగం భాషలో చెప్పాలంటే, ఈస్టర్‌కు ఆధారమైన పౌర్ణమి చాలా ఏళ్ళలో చైత్ర పౌర్ణమి, కొన్ని ఏళ్ళలో ఫాల్గుణ పౌర్ణమి. 2024లో హోలీ వెళ్ళిన ఆరు రోజులకు, మార్చి 31న ఈస్టర్ వచ్చింది. 2025లో చైత్ర పౌర్ణమి గడిచాక ఏప్రిల్ 20న వచ్చింది. ఈ లెక్క వల్ల ఏర్పడే ఒక స్థితి దాదాపు ఎప్పుడూ మారదు: ఈస్టర్ నాటి తెల్లవారుజామున ఆకాశంలో కృష్ణపక్షపు చంద్రుడు ఉంటాడు. చీకటి ఉండగానే సమాధుల తోటకు చేరి, కొవ్వొత్తులు వెలిగించి, ఉదయపు ఆరాధన జరుపుకునే తెలుగు సంఘాలకు ఆ వెన్నెల ఏటేటా తోడు వస్తుంది.

ఈస్టర్ కదిలితే దానికి ముందూ వెనుకా ఉన్న దినాలన్నీ దానితో పాటు కదులుతాయి. నలభై దినాల తపస్సు కాలం ఈస్టర్‌కు నలభై ఆరు రోజుల ముందు, విభూది బుధవారం నాడు మొదలవుతుంది. మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలు పునరుత్థాన స్మరణ దినాలు కనుక వాటిని ఉపవాసపు లెక్కలో చేర్చరు. ఈస్టర్ మొదలుకొని లెక్కించిన నలభయ్యవ రోజున ఆరోహణ పండుగ, యాభయ్యవ రోజున పెంతెకోస్తు వస్తాయి. ఇలా ఏడాదిలో దాదాపు వంద రోజుల గమనం ఒక్క పౌర్ణమి మీద ఆధారపడి ఉంటుంది.

బళ్ళాపురం మిషన్

ఈ సంవత్సర క్రమాన్ని ఈ సీమకు తెచ్చినవారు పాండిచ్చేరి నుంచి బయలుదేరిన ఫ్రెంచి జెసూట్ గురువులు. కర్ణాటక మిషన్ అని పేరుపడిన వారి ప్రయత్నం 1700 ప్రాంతంలో మొదలై, పుంగనూరు, బళ్ళాపురం, కృష్ణాపురం వంటి చోట్ల నిలదొక్కుకుంది. నేటి చిక్కబళ్ళాపురాన్నే ఆనాటి వారు చిన్నబళ్ళాపురం అన్నారు. ఈ మిషన్‌లో దీర్ఘకాలం పనిచేసిన ఎతియెన్ లె గాక్ అక్కడి నుంచి 1709లో రాసిన లేఖ, ఐరోపాలో విస్తృతంగా చదివిన జెసూట్ లేఖల సంపుటాల్లో చోటు సంపాదించుకుంది. బళ్ళాపురం, దేవనహళ్ళి ప్రాంతాల్లో దాసరుల నుంచి ఎదురైన వ్యతిరేకతను, స్థానిక పాలకుల ఆదరణ, ఆగ్రహాల మధ్య మిషన్ ఊగిసలాడిన తీరును ఆ కాలపు లేఖలు తెలుపుతాయి.

ఈ గురువులు సన్యాసుల వేషం ధరించి, మాంసాహారం మాని, తెలుగూ సంస్కృతమూ నేర్చుకున్నారు. వేద ప్రతులను సేకరించి పారిస్‌లోని రాజ గ్రంథాలయానికి పంపిన జాన్ కాల్మెత్, తెలుగు, సంస్కృత భాషల మీద కృషి చేసి సంస్కృతానికీ లాటిన్, గ్రీకు భాషలకూ గల పోలికలను పారిస్ పండితులకు తెలియజేసిన గాస్తోఁ లోరాఁ కూర్దూ ఈ మిషన్‌కు చెందినవారే. ఏడాది పొడవునా శాకాహారం, రోజుకొక్క పూట భోజనం పాటించే గురువు తపస్సు కాలపు ఉపవాసాన్ని బోధించినప్పుడు, ఏకాదశి ఉపవాసం, కార్తిక నియమాలు తెలిసిన శ్రోతలకు ఆ బోధ తేలికగా అర్థమై ఉంటుంది. ఆచరణలో మాత్రం ముఖ్యమైన తేడా ఉంది. తపస్సు కాలంలో ఉపవాసం పాపపశ్చాత్తాపానికీ దానధర్మానికీ ముడిపడి ఉంటుంది. తినకుండా మిగిల్చిన దానిని లేనివారికి చేర్చినప్పుడే ఆ ఉపవాసం పూర్తయిందని సంఘం మొదటి నుంచీ బోధించింది.

ఒక్కొక్క గురువు పరిధిలో అనేక గ్రామాలు ఉండేవి కనుక, ఒక్కొక్క ఊరికి ఆయన అరుదుగానే రాగలిగేవాడు. మిగిలిన కాలమంతా పల్లెల్లో జపాలు చెప్పించడం, పిల్లలకు బోధించడం, రోగుల దగ్గర ప్రార్థించడం, ప్రాణం పోయే స్థితిలో ఉన్న శిశువులకు జ్ఞానస్నానం ఇవ్వడం ఉపదేశుల బాధ్యతగా ఉండేది. ఉపదేశి అంటే గురుపట్టం లేకుండా సంఘాన్ని నడిపే స్థానిక బోధకుడు. ఇటువంటి స్థితిలో క్రిస్మస్, ఈస్టర్ వంటి పెద్ద పండుగలకు దూరగ్రామాల క్రైస్తవులు కాలినడకన మిషన్ కేంద్రానికి చేరేవారు. పాపసంకీర్తనం, అంటే గురువు ఎదుట పాపాలను ఒప్పుకొని క్షమాపణ పొందడం, దివ్యసత్ప్రసాదం స్వీకరించడం, జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, తగాదాల పరిష్కారం అన్నీ ఆ కొద్ది రోజుల్లోనే జరగవలసి వచ్చేవి. కాబట్టి పండుగ తేదీ ముందుగా తెలిసి ఉండడం వారికి అత్యవసరం. ఫలానా పౌర్ణమి వెళ్ళిన ఆదివారానికి చేరాలి అన్న ఒక్క మాట పల్లె పల్లెకూ అందితే చాలు, అచ్చు కాగితం లేని కాలంలో సంఘం కూడగలిగేది.

ఆ రోజుల్లో తేదీల విషయంలో క్రైస్తవ దేశాలే ఏకాభిప్రాయంతో లేవన్నది గమనించదగిన సంగతి. 1582లో పోపు పదమూడవ గ్రెగరీ పాత జూలియన్ క్యాలెండరును సవరించి, అక్టోబరు 4 తరువాతి రోజును అక్టోబరు 15గా ప్రకటించారు. ఫ్రాన్స్ ఆ ఏడాదే ఈ సవరణను స్వీకరించింది. ఇంగ్లండు మాత్రం 1752 వరకు అంగీకరించలేదు. ఫలితంగా పద్దెనిమిదో శతాబ్దం పూర్వార్ధంలో మద్రాసు కోటలోని ఇంగ్లీషువారు పాండిచ్చేరి ఫ్రెంచివారికి పదకొండు రోజులు వెనుకబడి ఉండేవారు. మద్రాసు కోటలో డిసెంబరు 25 అనుకున్న దినం, పాండిచ్చేరిలోనూ దానిని అనుసరించే బళ్ళాపురం మిషన్‌లోనూ జనవరి 5గా ఉండేది. స్మార్తులకూ వైష్ణవులకూ ఏకాదశి కొన్ని మాసాల్లో వేర్వేరు రోజుల్లో రావడం తెలిసిన తెలుగు సమాజానికి ఇలాంటి తేడా కొత్త కాదు.

గురువులు లేని ఏళ్ళు

1762లో హైదర్ అలీ చిక్కబళ్ళాపురాన్ని జయించడంతో ఈ సీమ వరుస యుద్ధాల దారిలో పడింది. ఫ్రాన్స్ 1764లో జెసూట్ సభను నిషేధించగా, 1773లో పోపు ఆ సభనే రద్దు చేశారు. 1776లో పారిస్ విదేశీ మిషన్ సభకు బాధ్యతలు అప్పగించినా, ఉన్న కొద్దిమంది గురువులకు ఇంత విస్తారమైన ప్రాంతం చేతికి అందేది కాదు. యుద్ధాలకూ కరువులకూ తట్టుకోలేక రాయలసీమ మిషన్లకు చెందిన తెలుగు క్రైస్తవ కుటుంబాలు గుంటూరు సీమలోని ఫిరంగిపురం వైపు, చెంగల్పట్టు సీమలోని కీళచ్చేరి వైపు వలస వెళ్ళాయి. కీళచ్చేరిలో బాలికల చదువుకు పునాది వేసిన తాటిపర్తి జ్ఞానమ్మ (1822–1874) ఇలాంటి తెలుగు క్రైస్తవ సమాజానికి చెందినవారే.

వలస వెళ్ళినవారు గుడిని మోసుకుపోలేరు. జపాలను, పండుగల వరుసను మాత్రం మోసుకుపోగలరు. శుక్రవారం మాంసం మానడం, ఆదివారం పని మాని జపానికి కూడడం, తపస్సు కాలంలో పెళ్ళి పెట్టుకోకపోవడం, ఆత్మల పండుగ నాడు పెద్దల సమాధులను శుభ్రం చేయడం వంటి వాటికి గురువు సన్నిధి అక్కరలేదు. గురువు ఏళ్ళ తరబడి రాని పల్లెలో కూడా తాము క్రైస్తవులమన్న స్పృహను తల్లి నుంచి బిడ్డకు చేర్చినవి ఇలాంటి నియమాలే. క్రీస్తు చరితను ప్రబంధంగా మలచిన మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’ చదువుకున్నవారికి కావ్యంగా అందితే, అదే చరిత చదువురాని వారికి ఏడాది పొడవునా ఆచారాలుగా అందింది.

1799లో శ్రీరంగపట్నం పతనమైన తరువాత మైసూరు రాజ్యంలోని క్రైస్తవ సమాజాన్ని పునరుద్ధరించే పని చేపట్టిన అబ్బే దుబొవా 1823లో ప్రచురించిన లేఖల్లో ఇక్కడి క్రైస్తవుల పండుగ తీరును వర్ణించారు. దివిటీల వెలుగులో రాత్రి ఊరేగింపులు, తప్పెట్లు, వాద్యాల హోరు ఆయనకు నచ్చలేదు. చుట్టుపక్కల రథోత్సవాలకూ వీటికీ తేడా తక్కువగా ఉందని ఆయన నొచ్చుకున్నారు. ఆయన నొచ్చుకోలు మాట ఎలా ఉన్నా, ఆ వర్ణన మరొక సత్యానికి సాక్ష్యం. పండుగను ఊరి వీధిలో, అందరి ఎదుట, తమకు తెలిసిన వాద్యాలతో జరుపుకున్న ఆ సమాజం, క్రైస్తవ సంవత్సరాన్ని అప్పటికే తన సొంతం చేసుకుంది.

ఋతువుల వెంట పండుగలు

ఈ సీమకు ఏడాది పారే నది లేదు. చెరువులు, బావులు, వానాధారపు మెట్ట చేలు, వాటిలో రాగి, వేరుశనగ, కంది ఇక్కడి బతుకు. ఐరోపాలో రూపుదిద్దుకున్న ఆరాధనా సంవత్సరం ఇక్కడి ఋతువుల మీద వాలినప్పుడు, కొన్ని పండుగల అర్థం మరింత లోతెక్కింది, కొన్నింటికి కొత్త అర్థం చేకూరింది.

సంవత్సరం ఆగమన కాలంతో ఆరంభమవుతుంది. నవంబరు 30కి దగ్గరగా ఉన్న ఆదివారం మొదలుకొని నాలుగు ఆదివారాల పాటు సాగే ఈ కాలం ప్రభువు రాకకై సిద్ధపడే కాలం. ఆయన బెత్లెహేములో జన్మించిన మొదటి రాకను, లోకాంతంలో తీర్పరిగా వచ్చే రెండవ రాకను ఒకేసారి తలపుకు తెచ్చే ఈ దినాల్లో గురువు ఊదారంగు వస్త్రం ధరిస్తాడు. ఐరోపాలో ఇది పొలాలు మంచు కింద నిద్రించే చీకటి కాలం. ఇక్కడ రాగి వెన్నులు కోసి, కుప్ప వేసి, నూర్చే కాలం. కోతనూ, కళ్ళాన్నీ, గింజను పొట్టు నుంచి వేరుచేయడాన్నీ తీర్పుకు గుర్తుగా చెప్పే సువార్త మాటలు, చేతికి కళ్ళపు దుమ్ము అంటుకుని ఉన్న శ్రోతకు వివరణ అవసరం లేకుండానే చేరతాయి.

క్రిస్మస్‌కు రోమ్ నగరంలో డిసెంబరు 25 తేదీ నాలుగో శతాబ్దం నాటికే స్థిరపడింది. ఇక్కడ ఆ దినం ధనుర్మాసంలో పడుతుంది. తెల్లవారుజామున గుడుల్లో భజనలు వినిపించే నెలలోనే, క్రైస్తవ వాడల్లో ఇంటింటికీ తిరిగే క్రిస్మస్ పాటల బృందాలు కూడా బయలుదేరతాయి. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో అస్సీసీ ఫ్రాన్సిస్ ఏర్పాటు చేసిన పశువుల పాక సంప్రదాయం బెంగళూరు, కోలారు పరిసరాల్లో చక్కని స్థానిక రూపం పొందింది. పండుగకు వారం పది రోజుల ముందు పళ్ళెంలోనో తట్టలోనో మట్టి పరిచి, రాగులు చల్లి, పూటపూటా నీరు చిలకరిస్తారు. పండుగ నాటికి జానెడు కూడా ఎదగని ఆ లేత పచ్చని నారు, మట్టి గొర్రెలకూ కాపరులకూ పచ్చిక బయలవుతుంది. తాము తినే గింజనే మొలకెత్తించి బాలయేసు చుట్టూ పేర్చే ఆ ఇల్లాలి చేతిలో, దేవుడు మనుషుల మధ్య మనిషిగా పుట్టాడన్న సిద్ధాంతం కంటికి కనిపించే రూపం దాలుస్తుంది.

సంక్రాంతి వెళ్ళి, చింతపండు దులిపే రోజులు వచ్చేసరికి చెరువుల్లో నీరు అడుగంటడం మొదలవుతుంది. విభూది బుధవారం ఫిబ్రవరి 4కు, మార్చి 10కి మధ్య ఏదో ఒక బుధవారం నాడు వస్తుంది. అంతకు ముందటి ఏడాది, క్రీస్తును యెరూషలేము ప్రజలు జయధ్వానాలతో ఎదుర్కొన్న దానిని స్మరించే మ్రానికొమ్మల ఆదివారం నాడు దీవించిన మట్టలను ఇంటి గోడకు, సిలువ వెనుక దోపి ఏడాదంతా ఉంచి, అవి ఎండి గలగలమన్నాక గుడికి తిరిగి తెస్తారు. వాటిని కాల్చిన బూడిదతోనే గురువు నుదుట సిలువ గుర్తు వేసి, మనిషి మట్టి నుంచి వచ్చి మట్టిలో కలిసేవాడని గుర్తు చేస్తాడు. చెరువు గట్ల మీద ఈత చెట్లు విరివిగా పెరిగే ఈ సీమలో ఈత మట్ట, కొబ్బరి మట్ట ఆ పండుగకు అందివచ్చే ఆకులు. ఏడాది పాటు ఇంట్లో నిలిచిన జయధ్వానాల మట్టే పశ్చాత్తాపపు బూడిదగా మారడంలో, గెలుపుకూ మరణానికీ మధ్య దూరం ఎంత తక్కువో సంఘం మాటల్లేకుండా నేర్పుతుంది.

ప్రొటెస్టెంటు సంఘాలు శ్రమల దినాలని పిలిచే ఈ కాలంలో, కతోలిక గుళ్ళలో శుక్రవారాల్లో సిలువ మార్గం జరుగుతుంది. క్రీస్తు తీర్పు మొదలుకొని సమాధి వరకు పద్నాలుగు స్థలాల వద్ద ఆగి, మోకరించి, ధ్యానించే ఆచారమిది. చివరి వారంలో పవిత్ర గురువారం నాడు శిష్యుల పాదాలు కడిగిన క్రీస్తును అనుసరించి గురువు సంఘంలోని వారి పాదాలు కడుగుతాడు. కులాన్ని బట్టి కూర్చునే చోటు, నీళ్ళు తాగే చోటు వేరుచేసిన సమాజంలో, పెద్దగా గౌరవం పొందే వ్యక్తి వంగి మరొకరి పాదాలు ముట్టుకోవడం గంభీరమైన చర్య. క్రైస్తవ సంఘాలు కూడా కులభేదాన్ని పూర్తిగా వదిలించుకోలేకపోయాయి గనుక, ఈ ఆచారం ఏటేటా వారికే ఒక హెచ్చరికగా నిలుస్తుంది. మరునాడు శుభ శుక్రవారం నాడు మధ్యాహ్నపు ఎండలో, సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటలపై మూడు గంటల ధ్యానం సాగుతుంది.

ఈస్టర్ వచ్చేసరికి కానుగ, వేప, రావి కొత్త చిగురు తొడిగి ఉంటాయి. చైత్ర వైశాఖాలను వసంతమని పిలిచే తెలుగు ఏడాదిలో పునరుత్థాన పండుగ తనకు తగిన ఋతువులోనే పడింది. అయితే ఇక్కడి వసంతం మెత్తనిది కాదు; బావిలో నీరు ఇంకే రోజుల్లో, వాన చుక్క పడకముందే, చెట్టు తన లోపలి తేమతోనే చిగురిస్తుంది. సాక్ష్యం ఏదీ కంటికి కనబడకముందే నమ్మేవారి విశ్వాసాన్ని బోధకులు వివరించడానికి ఈ ఋతువును మించిన దృష్టాంతం దొరకదు.

ఆరోహణ పండుగకు ముందు మూడు రోజులు పొలాల కోసం ప్రార్థించే ఆచారాన్ని అయిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని వియెన్ నగర పీఠాధిపతి మామెర్తుస్ ప్రారంభించారు. అక్కడ అది మొలకెత్తిన పైరును దీవించే సమయం. ఇక్కడ అదే సమయానికి చేలు ఖాళీగా, నేల నెర్రెలు విచ్చి ఉంటుంది. పెంతెకోస్తు మే 10కి, జూన్ 13కు మధ్య వస్తుంది కనుక, కృత్తిక, రోహిణి కార్తెల ఎండను మోస్తూ మృగశిర వానకై ఎదురుచూసే రోజులతో కలుస్తుంది. ఒక గదిలో కూడి పరిశుద్ధాత్మ కోసం కనిపెట్టుకుని ఉన్న శిష్యుల మీదికి వేగమైన గాలి వంటి ధ్వని దిగివచ్చిందన్న లేఖనాన్ని, తొలకరి ముందు వీచే ఈదురుగాలి ఎరిగిన ప్రజలు ఆ ఋతువులోనే వింటారు. పంట కోసం చేసే ప్రార్థన ఇక్కడ సహజంగానే వాన కోసం చేసే ప్రార్థన అయింది. 1876–78 నాటి మహా కరువు మైసూరు రాజ్యాన్నీ రాయలసీమనూ తుడిచిపెట్టిన ప్రాంతంలో ఆ ప్రార్థన లాంఛనం కాబోదు.

పెంతెకోస్తు తరువాత ఆరు నెలల పాటు పెద్ద ఘట్టాలు లేని ఆదివారాలు సాగుతాయి. వీటిని కతోలికులు సామాన్య కాలమని, కొన్ని ప్రొటెస్టెంటు సంఘాలవారు త్రిత్వ పండుగ తరువాతి ఆదివారాలని అంటారు; ఆరాధన వస్త్రాల రంగు ఆకుపచ్చ. విత్తడం, కలుపు తీయడం, కాపలా కాయడం, కోయడం ఈ కాలంలోనే సాగుతాయి. విత్తువాని ఉపమానం, గోధుమల మధ్య కలుపు ఉపమానం వంటివి చదివే ఈ ఆదివారాల బోధ అంతా క్రీస్తు జీవితాన్ని అనుదిన కష్టంలో ఎలా పండించాలన్న దాని చుట్టూ తిరుగుతుంది. సెప్టెంబరు 8న మరియమాత జన్మదినానికి బెంగళూరు శివాజీనగర్‌లోని సెయింట్ మేరీ బసిలికాకు మూడు భాషల జనం తరలివెళ్తారు. స్వాతి కార్తెలో, నవంబరు 2న వచ్చే ఆత్మల పండుగకు కతోలికులు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, దీపాలు వెలిగిస్తారు. మహాలయ పక్షంలో పితరులను తలచుకునే ఇరుగుపొరుగుకు ఈ స్మరణలోని ప్రేమ సులభంగా అర్థమవుతుంది. తాము మృతులకు నైవేద్యం పెట్టడం లేదనీ, వారి కోసం దేవుణ్ణి ప్రార్థిస్తున్నామనీ క్రైస్తవులు తమ ఆచారాన్ని వివరించుకుంటారు.

కోత పండుగ, గుప్పెడు బియ్యం

పంతొమ్మిదో శతాబ్దంలో తెలుగు నేలకు వచ్చిన ప్రొటెస్టెంటు మిషన్లన్నీ పండుగల విషయంలో ఒకే మాట మీద లేవు. 1841లో మచిలీపట్నంలో పని ప్రారంభించిన ఆంగ్లికన్లు, 1842లో గుంటూరు చేరిన లూథరన్లు సంవత్సర క్రమాన్ని పాటించేవారు. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టులు, విశాఖపట్నం, కడప, బళ్ళారి, బెంగళూరు, చిక్కబళ్ళాపురం ప్రాంతాల్లో పనిచేసిన లండన్ మిషన్‌వారు ఆదివారానికి ఇచ్చిన ప్రాధాన్యాన్ని ఇతర పవిత్ర దినాలకు ఇవ్వని సంప్రదాయం నుంచి వచ్చారు. అయినా తెలుగు సంఘం పాటల ద్వారా పండుగల వరుసను నిలుపుకుంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవుల కీర్తనలు గల ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో క్రీస్తు జననం, శ్రమలు, పునరుత్థానం విడివిడి భాగాలుగా ఉండడం వల్ల, క్యాలెండరు లేని సంఘంలో కూడా పాటే ఋతువును ప్రకటించేది.

పండుగలను ప్రజల బతుకుతో కలపడంలో దోర్నకల్ పీఠాధిపతి వి.ఎస్. అజరయ్య చేసిన కృషి విశిష్టమైనది. 1912 డిసెంబరు 29న అభిషిక్తులై తొలి భారతీయ ఆంగ్లికన్ పీఠాధిపతి అయిన ఆయన, భూమి లేని కూలీలే అధికంగా ఉన్న తన సంఘాల్లో కోత పండుగను ప్రోత్సహించారు. కొత్త ధాన్యం, కోళ్ళు, గుమ్మడికాయలు, గుడ్లు మోసుకుని ఊరేగింపుగా గుడికి వచ్చి అర్పించే ఆ దినం, ఇతరుల దానం మీద ఆధారపడేవారిగా చూడబడిన ప్రజలను ఇచ్చేవారిగా నిలబెట్టింది. తెలుగు సంఘాల్లో స్త్రీలు వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ ఒక గుప్పెడు వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చే అలవాటు కూడా ఇదే భావానికి రోజువారీ రూపం. దోర్నకల్ ప్రధాన దేవాలయానికి ఎపిఫనీ పేరు పెట్టి, 1939 జనవరి 6న, ఆ పండుగ నాడే ప్రతిష్ఠించారు. అంతకు ముందు, కరువు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. కట్టడం కూడా తన జన్మదినాన్ని క్రైస్తవ సంవత్సరంలోనే వెతుక్కుంది.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలతో పాటు లండన్ మిషన్ వారసత్వపు సంఘాలు కూడా అందులో చేరాయి. దానితో ఆగమన కాలం, శ్రమల కాలం, త్రిత్వ ఆదివారం వంటివి వాటిని అంతగా పాటించని సంఘాలకు కూడా ఉమ్మడి ఆస్తిగా అందాయి. కతోలిక సంఘంలో రెండవ వాటికన్ మహాసభ 1963లో ఆరాధనలో ప్రజల భాషకు చోటు కల్పించగా, 1969లో సవరించిన క్యాలెండరు పునీతుల దినాలను తగ్గించి, ఆదివారానికీ ఈస్టర్‌కూ ఉన్న కేంద్రస్థానాన్ని మళ్ళీ స్పష్టం చేసింది. అంతవరకు లాటిన్‌లో విన్న పూజను ఈ సీమ ప్రజలు తమకు తెలిసిన భాషలో వినగలిగారు.

నిలుపుకోవలసిన క్రమం

నేడు ఈ తాలూకాల యువత చదువుకూ పనికీ బెంగళూరు చేరుతోంది. నెల జీతపు బతుకులో కార్తెలూ తిథులూ మరుగున పడినట్లే, ఆగమన కాలం, తపస్సు కాలం కూడా చాలామందికి పేర్లుగా మిగులుతున్నాయి. క్రిస్మస్ మాత్రం నక్షత్ర దీపాలతో, కొత్త బట్టలతో ఏటేటా మరింత పెద్దదవుతోంది. అయితే ఎదురుచూపు లేని జన్మదినం, ఉపవాసం లేని ఈస్టర్, కోత లేని కృతజ్ఞత సగం అర్థాన్నే ఇస్తాయి. ఈ సీమ చరిత్ర చెప్పేది కూడా అదే. బళ్ళాపురం మిషన్ రోజుల్లోనూ, గురువులు కరువైన దశాబ్దాల్లోనూ, వలస బాటల్లోనూ విశ్వాసాన్ని బతికించింది ఒక్క పెద్ద పండుగ కాదు. పస్తునూ విందునూ, దుఃఖాన్నీ సంతోషాన్నీ, ఒంటరి కష్టాన్నీ సామూహిక ఆనందాన్నీ వరుసలో పెట్టిన సంవత్సరం మొత్తం. ఆ వరుసను పాటించడానికి ధనం అక్కరలేదు, పెద్ద కట్టడం అక్కరలేదు, గురువు ఎప్పుడూ దగ్గర ఉండనక్కరలేదు. ఇంటి పెద్ద ఒకరు రాబోయే పౌర్ణమిని లెక్కగట్టి, పిల్లలకు ఆ దినాల అర్థం చెప్పి, వంటింట్లో ఒక గుప్పెడు వేరుగా తీసి పెడితే, మూడు వందల ఏళ్ళ కిందట ఈ నేలమీద నాటుకున్న క్రమం మరొక తరానికి చేరుతుంది.